సైకిలుపై కోటగుళ్ళకు



రామప్ప గుడిని చూడనివారు తెలుగునాట ఉండవచ్చును గాని, దాని పేరు విననివారుందురని నేననుకొనను. 1213వ సంవత్సరమున రేచర్ల రుద్రుడు పాలంపేటలో ప్రతిష్ఠ చేయించిన ఆ రుద్రేశ్వరాలయమునకు, 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ సంపదగా పట్టము గట్టిన నాటినుండి, ఆదివారము వచ్చినదంటే చాలు, అచ్చట బండి నిలుపుటకు చోటు దొరకుట కష్టమగుచున్నది. సంతోషింపదగిన విషయమే. అయితే ఆ వచ్చినవారు గుడి చుట్టును ఒకసారి తిరిగి, మదనికల ముందు నిలిచి ఫొటోలు తీయించుకొని, చెరువులో పడవనెక్కి, చీకటి పడకముందే హనుమకొండ చేరవలెనను తొందరలో తిరుగుముఖము పట్టుదురు. అక్కడికి ఆమడ దూరమైనను లేని ఘనపురములో, ఆ కాలమునకే చెందినది, ఆ పనితనమే కలది, ఇరువదిరెండు గుళ్ళ సముదాయమొకటి రాతి ప్రాకారముల నడుమ శిథిలమై యున్నదని వారికి చెప్పువారు దొరకరు. ఊరివారు దానిని కోటగుళ్ళందురు. నేడు నేను ముచ్చటింపబూనినది ఆ కోటగుళ్ళను గూర్చియు, అచటికి సైకిలుపై మేము చేసిన యొక చిన్న యాత్రను గూర్చియు.

కారుపై పోరాదా యని కొందరడుగుదురు. పోవచ్చును; బాట యున్నది, బాటపై తారున్నది. కాని కాకతీయుల కాలపు గుడి యనునది ఒంటరిగా వెలసిన కట్టడము గాదు. దానికి దాపున ఒక చెరువు, ఆ చెరువునకు దిగువ ఒక ఆయకట్టు, ఆ ఆయకట్టును నమ్ముకొని యొక ఊరు ఉండితీరును. ఈ నాలుగింటిని, ఒకదాని నానుకొని యొకటి పుట్టిన క్రమమున చూచినగాని, ఆ గుడి అక్కడనే ఏల కట్టిరో, ఎవరి గింజలతో అందు దీపము వెలిగెనో బోధపడదు. కారులో కూర్చున్నవానికి చెరువుకట్ట యొక మలుపు మాత్రమే. నడచువానికి ఎండ హెచ్చిన కొలది చూపు నేలవాలును. కాలు పనిచేయుచుండగా కన్ను తీరికగా పొలముపై నిలుచుటకును, ఎవరైన పలుకరించినప్పుడు ఒక పాదము నేలనాన్చి రెండు మాటలాడుటకును వీలైన వాహనము సైకిలొక్కటే. ఒక తరము క్రిందటి పోస్టుజవానులకును, పల్లెటూళ్ళ బడిపంతుళ్ళకును ఈ సంగతి బాగుగ తెలియును.

ములుగులో ఉపాధ్యాయుడుగా నున్న నా మిత్రుని యింట రెండు సైకిళ్ళున్నవి. రెండును పాతకాలపువే, గేర్లు లేవు, బ్రేకులు పట్టినప్పుడెల్ల పడవు, గంట మాత్రము ఊరంతయు వినబడును. పుష్యమాసపు మంచు విడువకముందే, కారియరునకు గాలిపంపును సద్దిమూటను కట్టుకొని బయలుదేరితిమి. జంగాలపల్లి కూడలి వరకు పెద్దబాట. గోదావరి ఇసుక నింపుకొని వచ్చు లారీలు దుమ్ము రేపుచు పోవుచుండగా ఆ బాటపై సైకిలు తొక్కుట ఆనందదాయకమని నేను చెప్పజాలను. కూడలిలో ఎడమకు తిరిగి వెంకటాపురము దారి పట్టిన పిదప గాని మనసు కుదుటపడలేదు. బాటకు ఒకవైపున పత్తి చేలలో చివరి తీత సాగుచున్నది; వేరొకవైపున మిరప తోటలు; పల్లమునకు దిగినచోటులందెల్ల యాసంగి నాట్లు. దున్నుచున్న ట్రాక్టరు వెంట తెల్లకొంగలు బారులుగ నడచుచున్నవి. మడిలో వంగి నాటువేయుచున్న స్త్రీలలో ఒకామె మమ్ము చూచి, "సైకిల్ మీద ఎంతదూరం పోతరు సారూ, బస్సు లేదా?" యని అడిగినది. ఉన్నదని చెప్పి ఆమె నవ్వునకు పాత్రులమై ముందునకు సాగితిమి.

పాలంపేటలో కొంతసేపు నిలిచితిమి గాని, రామప్ప గుడిని ఈ ప్రసంగమున వర్ణింపను. దానిని గూర్చి పలికినవారు మునుపే పెక్కుమంది. గులాం యజ్దానీ మహాశయుడు హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖకు అధిపతిగా నున్న దినములలో, 1922లో, పాలంపేట ఆలయములపై ఒక గ్రంథమునే ప్రకటించెను. నేను చెప్పదలచినది గుడికంటె ముందు కన్నులబడు చెరువును గూర్చి. గణపతిదేవ చక్రవర్తి 1199 నుండి 1262 వరకు రాజ్యమేలిన ఆ దీర్ఘకాలమున, ఆయనయు ఆయన సామంతులును మంత్రులును పోటీపడి చెరువులు త్రవ్వించిరి. పాకాల, రామప్ప, లక్నవరము, ఘనపురము — ఈ నాలుగును ఒకే ప్రాంతమున, ఒకే కాలపు ఆలోచననుండి పుట్టినవి. పుత్రుడు, నిధి, దేవాలయము, వనము, కావ్యము, తటాకము, అగ్రహారము అను సప్తసంతానములలో తటాకమును గుడితో సమముగ ఎంచిన కాలమది. పుణ్యమునకే కట్టించిరని మాత్రము తలచరాదు. చినుకు పడిన నాలుగు నెలలు తప్ప నీరెరుగని ఈ మెరకనేలలో, గుట్టకును గుట్టకును నడుమనున్న ఇరుకు చూచి, ఆ ఇరుకునకు అడ్డముగ కట్ట వేసిన యెడల, తక్కువ మట్టితో ఎక్కువ నీరు నిలుచునని కనుగొన్నవాడు మంచి లెక్క యెరిగినవాడు. తూము ఎక్కడ పెట్టవలెనో, మత్తడి ఎంత యెత్తున దూకవలెనో నిర్ణయించుటలో పొరపడియుండిన, ఆ కట్ట ఒక్క వానకాలమైనను నిలిచియుండెడిది గాదు. ఎనిమిదివందల యేండ్ల తరువాత ఆ నీటితోనే నేటి నాటు పడుచున్నది. మేము బాటప్రక్క చూచిన మడులలో కొన్నిటికి ఆ తూము నీరే ఆధారము.

గుడికిని చెరువునకును గల బంధము శాసనములలో లెక్కలతో సహా ఉండును. ఫలానా చెరువు వెనుక ఇన్ని మర్తురుల భూమి ఫలానా దేవునికని ఆ కాలపు దానశాసనములలో తరచుగా కనబడును. అనగా చెరువు నిండిన యేట దేవునికి నైవేద్యము, నర్తకికి జీవితము, వేదపండితునకు భృతి. ఎండిన యేట అందరికిని పస్తు. ఈ సంగతి మనసునందుంచుకొని పాలంపేటనుండి ఘనపురము దారిని పోయినవానికి, నడుమనున్న ఊళ్ళును, కుంటలును, తాటిచెట్ల వరుసలును వట్టి దృశ్యములుగా తోచవు. ఈ బాటలో చిన్నచిన్న యెత్తులు కలవు. గేర్లు లేని సైకిలు వాటిని మరువనీయదు. మేము దిగి నెట్టుకొనిపోయిన చోటులును కలవు. దిగి నెట్టినందువలన కలిగిన లాభమేమనగా, మోకాలికి తెలిసిన ఆ వాలే వాననీటికి దారి చూపునదని, ఆ దారికడ్డముగనే ఆనాటివారు కట్ట వేసిరని, ఎవరును చెప్పకయే తెలిసివచ్చినది.

ఘనపురము చేరునప్పటికి ఎండ ముదిరినది. గుళ్ళ చుట్టును రెండు వరుసల రాతి ప్రాకారము. లోపల అడుగుపెట్టగనే కన్ను దేనిపై నిలువవలెనో తేల్చుకొనలేదు. ఎత్తైన పీఠముపై ప్రధానమైన శివాలయము; దానికి ఉత్తరమున ఇంచుమించు దాని ప్రతిరూపమే యైన మరియొక శివాలయము; చుట్టును చిన్నగుళ్ళు, వానిలో కొన్నిటికి కప్పు లేదు, కొన్నిటికి గోడలు లేవు, కొన్ని కేవలము రాళ్ళ గుట్టలు. ప్రధానాలయము తూర్పుమొగము. గర్భగృహము, అంతరాళము, వాని ముందు విశాలమైన సభామండపము, ఆ మండపమునకు తూర్పు ఉత్తర దక్షిణ దిక్కులందు మూడు ముఖమండపములు. రామప్పను చూచి వచ్చినవాడు ఈ విన్యాసమును చూచినంతనే గుర్తించును. అదే బడిలో చదివిన శిల్పులు.

అయితే రామప్పలో నా కన్నులబడని వింత యొకటి ఇచ్చట కలదు. చూరు రాతికి ఊతగా మండపస్తంభముల నుండి ఏటవాలుగ సాగిన శిల్పములున్నవి గదా, వానిలో కొన్ని గజకేసరులు. క్రింద ఏనుగు, దానిపై సగము మనిషి, సగము సింహము. ఏనుగు చిన్నది, ఒదిగినది. దానిపై నిలిచిన మృగము సన్నగ సాగి, నడుము విరుచుకొని, తలతో చూరు నందుకొనుచున్నది. బరువు మోయుచున్నదను భావము ఏనుగు మొగమున ఉన్నదే గాని సింహము మొగమున లేదు. గుఱ్ఱపు తల గల రూపములు కూడ ఉన్నవి. వీనిని చెక్కినవాడు శాస్త్రమునందు చూచి చెక్కెనో, తన ఊహకు పగ్గము వదలి చెక్కెనో పండితులు తేల్చుదురు గాక. నాకు మాత్రము ఆ శిల్పి పనిచేయుచు మధ్యమధ్య నవ్వుకొని యుండునని తోచినది. కాకతీయుల లాంఛనము వరాహము గదా, వారి గుడికి సింహము కావలి యేమని నా మిత్రుడు పరిహాసమాడినాడు.

ఉత్తరపు ముఖమండపమున ఇద్దరు సాలభంజికలు నిలిచియున్నారు. ఏడెనిమిది వందల వానకాలములు చూచిన దేహములవి. నేను నేలపై కూర్చుండి చాలసేపు చూచితిని. దేహమును మూడు వంపులుగ నిలిపి, ఆ వంపులలో ఏ యొక్కటియు జారిపోకుండ కాపాడుట ఉలి పని మాత్రమే కాదు, నాట్యమెరిగినవాని పని. ఈ దేశమున అప్పుడు నాట్యమెరిగినవారికి కొదువ లేదు. గణపతిదేవుని బావమరిదియై, ఆయన గజసైన్యమునకు అధిపతియై, గజసాహిణి యని బిరుదు వహించిన జాయపసేనాని నృత్తరత్నావళి యను సంస్కృత నాట్యశాస్త్ర గ్రంథమును రచించినది 1254 ప్రాంతముననే. ఏనుగులను నడుపుటయందును అడుగులను లెక్కించుటయందును సమానముగ ఆరితేరిన ఆ సేనాపతి కొలువు చేసిన రాజ్యమున, గజకేసరియు సాలభంజికయు ఒకే చూరు క్రింద నిలుచుట నాకు వింతగ తోచలేదు.

ఇప్పుడు శిథిలములను గూర్చి ఒక మాట. చెక్కుచెదరని గుడిలో పనితనము దాగియుండును. పెండ్లిపందిరి విప్పిన మరునాడు గాని గుంజలకు వేసిన ముళ్ళు కంటబడనట్లు, కూలిన గుడిలోనే కట్టడపు మర్మము బయటపడును. ఘనపురములో నేలబడిన యొక స్తంభపు ముక్క వద్ద మేమిరువురము మోకరించి చూచితిమి. దాని నడినెత్తిన గుంట యున్నది. దానిపై నిలువవలసిన రాతి అడుగున ఆ గుంటకు సరిపడు బొడిపె యున్నది. సున్నము లేదు, జిగురు లేదు. బొడిపెను గుంటలో కూర్చి, పైనున్న బరువే దానిని కదలనీయకుండునట్లు చేసిరి. స్తంభపు నడుమున వలయములు వలయములుగ తీర్చిన మెరుగు మాత్రము నేటికిని వ్రేలికి జారుచున్నది. ఆ వలయములకు రెండంగుళముల దూరముననే, ఎవరికిని కనబడదని తలచిన అతుకు ముఖమున, ఉలి గాట్లు మొరటుగ, తొందరగ, ఇప్పుడే కొట్టినట్లున్నవి. చూడవలసినచోట ఎంత ఓర్పో, చూడనిచోట అంత పొదుపు. కూలివాండ్రకు దినమునకింతయని లెక్కగట్టి పని చేయించిన యే మేస్త్రీయైనను ఆ ముఖమును చూచి సంతోషించును.

ప్రాకారము నీడలో మేకలను తోలుకొని వచ్చిన యొక ముదుసలి కూర్చుండియుండెను. మా సైకిళ్ళను ఎగాదిగ చూచి, "కోటగుళ్లు సూడవచ్చిండ్రా?" అని అడిగి, మేము ఔననగనే తానే చెప్పసాగినాడు. "లింగం కింద పైసలుంటయని రాత్రిపూట తవ్వినోళ్లు ఉన్నరు సారూ. వాళ్లకు దొరికింది మట్టే. గుంతలు మాత్రం మాకు మిగిలె." అంతకంటె చక్కగ ఆ విషయమును నేను చెప్పలేను. ఓరుగల్లు 1323లో ఢిల్లీ సైన్యములకు లొంగిపోయిన పిదప ఈ గుళ్ళకు దిక్కు లేకపోయినదని మనమందరము చదువుకొన్నాము, అది నిజమే. అయితే గుడి పాడగుటకు శత్రువు ఒక్కసారి వచ్చిన చాలును గాని, పాడైన గుడి ఇన్ని వందల యేండ్లు పాడుగనే యుండుటకు పొరుగువారి ఉపేక్ష కావలెను. పక్షి విడిచిన జువ్వివిత్తు రాళ్ళ సందున మొలచిన నాడు దానిని రెండు వ్రేళ్ళతో పెరికివేయవచ్చును. నూరేండ్ల తరువాత ఆ వేరే గోడను చీల్చును, అప్పుడు దానిని కోసిన గోడ కూలును, కోయకున్నను కూలును. నిధి వేటగాడు మరియొక విధమైన వేరు.

కాకతీయుల పునాదుల విషయమున మరియొక చిక్కు కలదు. వారు నేలను లోతుగ త్రవ్వి, ఆ గోతిని ఇసుకతో నింపి, ఆ ఇసుకపై పీఠమును నిలిపిరి. ఇసుకపెట్టె పునాది యని నేటి ఇంజనీర్లు దానికి పేరిడిరి. భూమి కంపించినను, నేల ఉబ్బి కుంగినను, ఆ ఇసుక సర్దుకొని పైబరువును కాపాడును. కాని ఇసుక చుట్టునున్న కట్టు సడలి నీరు చొరబడి ఇసుక కొట్టుకొనిపోయినచో, పైనున్న రాయి ఎంత గొప్పదైనను ఒరుగక తప్పదు. హనుమకొండ వేయిస్తంభముల గుడి ముందరి కళ్యాణమండపమును ఈ కారణముననే రాయి రాయిగ విప్పి, ఒక్కొక్క రాతికి అంకె వేసి, పునాది మరల వేసి, ఏండ్ల తరబడి శ్రమించి, 2024లో శివరాత్రినాడు తెరచిరి. ఆ పని చూచి గర్వపడనివాడు లేడు.

ఘనపురములోను అట్లే యన్నిటిని తిరిగి నిలుపవలెనని కోరువారున్నారు. నా అభిప్రాయము వేరు. నిలిచియున్న పెద్దగుళ్ళు రెండింటికి పునాది గట్టిపరచి, ఒరిగిన స్తంభములకు ఊతమిచ్చి, కప్పునుండి నీరు కారకుండ చేయుట తక్షణ కర్తవ్యము; అందు రెండవ మాట లేదు. చిన్నగుళ్ళ విషయమున మాత్రము తొందర కూడదు. సగము రాళ్ళు దొరకని గుడిని కొత్త రాళ్ళతోను సిమెంటుతోను నింపి నిలిపిన, అది చూచుటకు గుడియే యగును గాని, దానినుండి నేర్చుకొనుటకేమియు మిగులదు. ఏ రాయి ఎక్కడ పడినదో కొలిచి వ్రాసి, చిత్రములు తీసి, పిచ్చిచెట్లు పెరుగకుండ చూచుచు, పడినదానిని పడినట్లే కాపాడుట కూడ జీర్ణరక్షణమే. దానికి సొమ్ము తక్కువ, ఓర్పు ఎక్కువ కావలెను. కట్టుటలో ఫొటోకు నిలుచు ఘనత యున్నది. కాపాడుటలో అది లేదు. కనుకనే మనవారు మొదటిదానికి మొగ్గుదురేమో.

సద్దిమూట అక్కడనే విప్పి, ఘనపురపు చెరువైన గణపసముద్రపు కట్టవైపు కొంతదూరము పోయి వచ్చితిమి. ఈ మండలములోనే చెల్పూరులో బొగ్గుతో నడచు కాకతీయ విద్యుత్కేంద్రము కలదు. రాజవంశము పేరు ఎనిమిదివందల యేండ్ల తరువాత ఒక పొగగొట్టమునకు దక్కినది. దీనిని నేను వెక్కిరింపుగ చెప్పుట లేదు. చెరువు త్రవ్వించిన వంశము పేరు పంపుసెట్టునకు కరెంటునిచ్చు కర్మాగారమునకుండుట ఒకవిధముగ సబబే.

ఇక శ్రోతలకు నా విన్నపము. రామప్పకు పోదలచినవారు ఒక పూట అదనముగ నుంచుకొని ఘనపురము కూడ పొండు. కార్తికము మొదలు మాఘము వరకు ఎండ సహింపదగినట్లుండును. సైకిలుపై పోగలిగినవారు పాలంపేటనుండి ఉదయమే బయలుదేరవలెను. గాలిపంపు, పంచరు సామాను, నీళ్ళు మరువరాదు. గుడిలో పడిన రాళ్ళపై ఎక్కి నిలువకుడు. మీ పేర్లను సున్నముతోను మేకుతోను వ్రాయకుడు. మీ ఊరి పొలిమేరలో గాని, చెరువుకట్ట మీద గాని అక్షరములున్న రాయి కనబడినచో దానికి రంగు పూయకుడు, పసుపు పట్టింపకుడు, చదునుచేయు యంత్రము క్రిందికి పోనీయకుడు. ఒక ఫొటో తీసి జిల్లాలోని పురావస్తు శాఖవారికి పంపుడు. లక్ష్మణరాయ పరిశోధక మండలివారు 1935లో తెలంగాణా శాసనములను పుస్తకముగ ప్రకటింపగలిగినది, ఊరూర అట్టి రాళ్ళను చూపినవారుండుటచేతనే. సెలవు.